జున్నులో బెల్లం, కోతకు ముందు సూది

పోయిన నెల ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. వాళ్ల నాన్నగారికి డెబ్బై ఏళ్లు. గజ్జలో హెర్నియాకు ఆపరేషన్ చేసి మెష్ అనే సన్నని వల పెట్టి కుట్టారు. థియేటర్లోకి తీసుకెళ్లాక ఒకే ఒక్క యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చారు. మర్నాడు ఇంటికి పంపేటప్పుడు చీటీలో నొప్పి మాత్రలు తప్ప మరేమీ లేవు. "మా పక్కింటాయనకు ఇదే ఆపరేషన్‌కు వారం రోజులు యాంటీబయాటిక్ ఎక్కించారండీ. మా డాక్టరుగారు నిర్లక్ష్యం చేశారా?" అని ఆయన అడిగారు.

నిర్లక్ష్యం చెయ్యలేదు. ఆ డాక్టరుగారు చేసిందే సరైన పని. ఎందుకో చెప్పాలంటే మందు పేరు పక్కన పెట్టి గడియారం గురించి మాట్లాడుకోవాలి. నేను చాలా ఏళ్లుగా సూక్ష్మజీవశాస్త్రం పాఠాలు చెబుతున్నాను. ఏ సూక్ష్మజీవికి ఏ మందు అని అడిగే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఆ మందు ఎప్పుడివ్వాలని అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తప్పు పిల్లలది కాదు. ప్రశ్నపత్రంలో మనం మందుల పట్టిక అడుగుతాం, వేళ అడగం.

ఆపరేషన్లలో క్రిమినాశకాన్ని ప్రవేశపెట్టిన లిస్టర్ కథ, ఆయన వాడిన కార్బాలిక్ ఆమ్లం కథ బడి పుస్తకాల్లో ఉన్నవే కాబట్టి వదిలేస్తాను. తెలుసుకోవలసింది ఒక్కటి. చర్మాన్ని ఎంత కడిగినా, ఎంత స్పిరిట్ రాసినా పూర్తిగా క్రిమిరహితం కాదు. పైన ఉన్నవి చస్తాయి, వెంట్రుకల కుదుళ్లలో, నూనె గ్రంథుల్లో దాగినవి బతుకుతాయి. కత్తి ఆ కుదుళ్లను తెంపుకుంటూ దిగుతుంది. అందుకే ఎంత శుభ్రమైన థియేటర్లోనైనా గాయంలోకి కొన్ని బాక్టీరియా చేరుతూనే ఉంటాయి. శరీరం చాలావరకు వాటి సంగతి తానే చూసుకుంటుంది. డిఫ్తీరియా పరీక్షకు తన పేరు మిగిల్చిన ఎలెక్, తన సహచరుడు కోనెన్‌తో కలిసి 1957లో లండన్‌లో ఒక ప్రయోగం చేశాడు. తమంతట తాము ముందుకు వచ్చిన మనుషుల చర్మంలోకి స్టెఫిలోకాకస్ బాక్టీరియాను ఎక్కించి చూశారు. మామూలు చర్మంలో చీము పుట్టడానికి పది లక్షలకు పైగా కావలసి వచ్చాయి. అదే చోట ఒక పట్టుదారం కుట్టు ఉంటే కొన్ని వందలే సరిపోయాయి. ఒక్క దారం ఉంటేనే ఇంత తేడా! పెద్దాయన గజ్జలో పెట్టింది అరచేతి వెడల్పు వల. కాబట్టి ఆ ఒక్క ఇంజెక్షన్ ఆయనకు నిజంగా అవసరమే.

ఇక నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగం. 1950లలో సర్జన్లు ఆపరేషన్ ముగించి, రోగిని వార్డుకు చేర్చాక పెన్సిలిన్ మొదలుపెట్టేవారు. చీము పట్టడం తగ్గలేదు. ముందు జాగ్రత్తగా యాంటీబయాటిక్ ఇవ్వడం వ్యర్థమన్న అభిప్రాయం బలపడింది. ఆ రోజుల్లో లండన్ లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏ.ఏ. మైల్స్ అనే శాస్త్రవేత్త దగ్గర జాన్ బర్క్ అనే అమెరికన్ సర్జన్ పనిచేశాడు. వాళ్లు గినీ పందుల చర్మంలోకి బాక్టీరియాతో పాటు అడ్రినలిన్ ఇచ్చారు. అడ్రినలిన్‌కు రక్తనాళాలు ముడుచుకుంటాయి, ఆ చోటికి రక్తం అందదు. పుండు బాగా పెద్దదైంది. అదే అడ్రినలిన్‌ను కొన్ని గంటలు ఆలస్యం చేసి ఇస్తే ఏ తేడా రాలేదు. అంటే బాక్టీరియా దిగిన తొలి గంటల్లో రక్తం తెచ్చిపెట్టే రక్షణే గెలుపోటములను తేల్చేస్తోంది.

బర్క్ బోస్టన్‌కు తిరిగి వచ్చి, అడ్రినలిన్ స్థానంలో యాంటీబయాటిక్ పెట్టి, ఆ గంటలనే మళ్లీ పరీక్షించాడు. 1961లో ఫలితాలు ప్రచురించాడు. బాక్టీరియా కన్నా ముందుగా గానీ వాటితో పాటు గానీ మందు ఇస్తే, మర్నాడు చర్మంలో లేచిన గడ్డ, చచ్చిన బాక్టీరియాను గుచ్చితే వచ్చేంత చిన్నదిగానే ఉంది. గంట ఆలస్యమైతే కొంచెం పెద్దది. రెండు గంటలకు ఇంకొంచెం. మూడు గంటలు దాటాక ఇస్తే, అసలు మందే ఇవ్వని జంతువుల గడ్డకూ దీనికీ తేడా లేదు. మందు అదే, మోతాదు అదే, బాక్టీరియా అవే. మారింది గడియారం ముల్లు మాత్రమే.

మూడు గంటల్లో అంతలా ఏం జరుగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు నాకు మా అమ్మమ్మ వంటింట్లో దొరికింది.

ఆవు ఈనిన తొలి రోజుల పాలతో జున్ను వండేటప్పుడు బెల్లం తురుమును ముందే పాలలో కరిగిస్తాం. మిరియాల పొడి, యాలకులు వేసి, గిన్నెను ఆవిరి మీద పెడతాం. పావుగంట గడిచాక పాలు కదలకుండా గట్టిపడతాయి. చాకుతో కోస్తే ప్రతి ముక్కలో, ముక్క నడిబొడ్డున కూడా, అదే తీపి. బెల్లం వెయ్యడం మరచిపోయి గిన్నె దించారనుకోండి. అప్పుడు పైన ఎంత బెల్లం చల్లినా పైపొర తియ్యగా అవుతుంది, అంచుల వెంట కొంత పాకం దిగుతుంది, నడుమ చప్పగానే ఉంటుంది. కొట్లో ఉన్న బెల్లమంతా తెచ్చి పోసినా అంతే.

గాయంలో జరిగేది అచ్చం ఇదే. కత్తి దిగగానే సన్నని రక్తనాళాలు తెగుతాయి. కొన్నిటిని సర్జన్ కాటరీతో మాడ్చి మూస్తారు, మిగతావి రక్తం గడ్డకట్టి మూసుకుపోతాయి. రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్‌ను థ్రాంబిన్ అనే ఎంజైము కత్తిరిస్తే అది ఫైబ్రిన్ పోగులై అల్లుకుంటుంది. ఆ అల్లికలో నీరు, కణాలు, ప్రోటీన్లు, అక్కడున్న బాక్టీరియా అన్నీ చిక్కుకుంటాయి. జున్ను గట్టిపడింది. రక్తం కారిన క్షణానికే అందులో మందు కరిగి ఉంటే, గడ్డలోని ప్రతి రవ్వలో, బాక్టీరియా పక్కనే మందు ఉంటుంది. లేకపోతే గడ్డలోకి వెళ్లే రక్తనాళం ఏదీ లేదు. తర్వాత ఇచ్చిన మందు చుట్టూ ఉన్న కణజాలం నుంచి మెల్లగా ఊరి లోపలికి చేరాలి. ఈలోగా స్టెఫిలోకాకస్ ఊరుకోదు. అరగంటకోసారి రెట్టింపయ్యిందనుకున్నా మూడు గంటల్లో ఒక్కటి 64 అవుతుంది. కుట్టు దారానికో మెష్‌కో అతుక్కున్నవి తమ చుట్టూ జిగురు పొర కట్టుకోవడం మొదలుపెడతాయి. ఒకసారి ఆ పొర ముదిరితే మందు అందినా చాలావాటికి ఏమీ కాదు.

ప్రయోగశాలలో బాక్టీరియాను పెంచే అగార్ పళ్లేలు పోసేటప్పుడు నా విద్యార్థులు దీన్ని చేత్తో తెలుసుకుంటారు. కరిగిన అగార్ ఫ్లాస్కు 50 డిగ్రీలకు చల్లారాక, ఇంకా ద్రవంగా ఉండగానే యాంటీబయాటిక్ కలిపి తిప్పి పళ్లేల్లో పోస్తాం. పళ్లెం గట్టిపడ్డాక ఆ మందును అందులో సమంగా కలపడం ఎవరి తరమూ కాదు. ఈ పని వందసార్లు చేసిన చేతులే ఆసుపత్రిలో పనికి చేరాక, రోగి వార్డుకు తిరిగొచ్చాకే ఇంజెక్షన్ మొదలుపెట్టడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

అలాగని బాగా ముందే ఇచ్చేస్తే సరిపోతుందా? జున్ను పోలిక ఇక్కడ తెగుతుంది. పాలలో కలిపిన బెల్లం పాలలోనే ఉంటుంది. ఒంట్లోకి వెళ్లిన మందును మూత్రపిండాలు వడకట్టి పారేస్తూనే ఉంటాయి. ఇది అడుగున చిల్లి ఉన్న గిన్నె. ఇలాంటి ఆపరేషన్లకు ఎక్కువగా వాడే సెఫజోలిన్ రక్తంలో సుమారు రెండు గంటలకు సగమవుతుంది. ఉదయం 6 గంటలకు వార్డులో ఇచ్చారనుకుందాం. 8కి సగం, 10కి పావు, 12కి అరపావు, మధ్యాహ్నం 2కి వీసం. థియేటర్లో ముందు కేసు ఆలస్యమై కోత 10కి పడితే పావు మందుతో మొదలు, కుట్లు వేసే వేళకు అరపావు. పైగా రక్తంలో ఉన్న సెఫజోలిన్‌లో సుమారు 80 శాతం అల్బుమిన్ అనే రక్తపు ప్రోటీన్‌కు అతుక్కుని ఉంటుంది. కణజాలంలోకి దిగి పని చేసేది మిగతా భాగమే. ఇది బీటా లాక్టమ్ కుటుంబపు మందు. విభజన చెందుతున్న బాక్టీరియా కణకవచంలో పెప్టిడోగ్లైకాన్ గొలుసులను అడ్డంగా ముడివేసే ఎంజైముల్లో చేరి వాటి పని ఆపేస్తుంది. దీని శక్తి మందు మట్టం ఎంత ఎత్తుకు లేచిందన్న దానికన్నా, కనీస మట్టానికి పైన ఎంతసేపు నిలిచిందన్న దాని మీద ఆధారపడుతుంది. అందుకే కోతకు ముందు 60 నిమిషాల్లోపు ఇవ్వమంటారు. ఆపరేషన్ నాలుగు గంటలు దాటినా, లీటరున్నరకు మించి రక్తం పోయినా మధ్యలో మరో మోతాదు ఇస్తారు. మోకాలి మార్పిడిలో తొడకు టూర్నికే అనే పట్టీ బిగించాక కాలికి రక్తం వెళ్లదు కాబట్టి మందు అంతకుముందే కాలికి చేరాలి. వాంకోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్ అవసరమైతే కోతకు రెండు గంటల ముందు నుంచే మొదలుపెట్టాలి. దాన్ని గబగబా ఎక్కిస్తే ఒళ్లు ఎర్రగా కందిపోతుంది, ఎక్కించడానికే గంటో ఆపైనో పడుతుంది.

గినీ పందుల లెక్క మనుషులకు సరిపోతుందా అన్న సందేహానికి 1992లో సమాధానం వచ్చింది. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో క్లాసెన్ బృందం 2,847 మంది రోగుల వివరాలు పరిశీలించింది. కోతకు ముందు రెండు గంటల్లోపు మందు అందినవాళ్లలో గాయానికి ఇన్‌ఫెక్షన్ వచ్చింది 0.6 శాతం మందికే. కోత పడ్డాక మూడు గంటల్లోపు అందినవాళ్లలో 1.4 శాతం. అంతకన్నా ఆలస్యమైతే 3.3 శాతం. రెండు గంటలకన్నా ముందే ఇచ్చేసినవాళ్లలో 3.8 శాతం! తొందరపడినవాళ్ల ఫలితం ఆలస్యం చేసినవాళ్లకన్నా మెరుగ్గా ఏమీ లేదు. చిల్లి గిన్నె లెక్క తప్పలేదు. ఆ గంటలో మళ్లీ ఏ నిమిషం మేలన్న దాన్ని స్విట్జర్లాండ్‌లో 5,580 మందితో పరీక్షించి 2017లో ప్రచురించారు. చివరి అరగంటలో ఇచ్చినా, 30 నుంచి 75 నిమిషాల ముందు ఇచ్చినా ఇన్‌ఫెక్షన్లు ఇంచుమించు ఒకటే, సుమారు 5 శాతం. కాబట్టి నిమిషాల గురించి బెంగ అక్కర్లేదు.

ఇప్పుడు పక్కింటాయన వారం రోజుల సంగతి. గాయం మూసేశాక ఇచ్చే ముందు జాగ్రత్త మోతాదులు గట్టిపడిన జున్ను మీద చల్లే బెల్లమే. ఆపరేషన్ ముగిశాక ఈ మందు కొనసాగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో స్పష్టంగా చెప్పింది. అప్పటికే చీము పట్టి ఉంటే అది చికిత్స, దాని లెక్క వేరు. అనవసరంగా చల్లిన బెల్లానికి చీమలు కూడా పడతాయి. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 79 వేల మందికి పైగా రోగుల వివరాలతో 2019లో వచ్చిన అధ్యయనంలో మందు ఎక్కువ రోజులు సాగినకొద్దీ గాయం ఇన్‌ఫెక్షన్లు తగ్గలేదు. మూత్రపిండాలు దెబ్బతినడం, క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బాక్టీరియా తెచ్చే విరేచనాలు పెరిగాయి. పేగుల్లోని మంచి బాక్టీరియా చచ్చి, మందుకు లొంగనివి మిగిలి, అవే ఆసుపత్రి పడకల మధ్య తిరుగుతాయి.

ఇంట్లోవాళ్లు ఇంకో పొరపాటు చేస్తారు. ఆపరేషన్ అయిన మనిషికి పప్పు పెడితే చీము పడుతుందని నెల రోజులు పప్పు, గుడ్డు మాన్పించి చారన్నం పెడతారు. పప్పుకూ చీముకూ ఏ సంబంధమూ లేదు. చీములో ఉండేది చచ్చిన తెల్ల రక్తకణాలు, బాక్టీరియా, చితికిన కణజాలం. కుట్లు అతకడానికి కావలసిన ప్రోటీను ఆ పప్పులోనే ఉంది. డెబ్బై ఏళ్ల మనిషికి దాన్ని ఆపేస్తే గాయం మానడం ఆలస్యమవుతుంది. దయచేసి పెద్దాయనకు పప్పన్నం పెట్టండి.

ముహూర్తం చూసి సిజేరియన్ చేయించుకునే కుటుంబాలు మన దగ్గర తక్కువేమీ కాదు. కోతకు నిమిషాలతో సహా ఘడియ పెట్టించుకుంటారు, ఇంజెక్షన్ ఘడియ ఎవరూ అడగరు. ఒకప్పుడు సిజేరియన్‌లో మందు బిడ్డకు చేరకూడదని బొడ్డుతాడు బిగించాక ఇచ్చేవారు. కోతకు ముందే ఇస్తే తల్లికి ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయనీ, బిడ్డకు కీడు కనిపించలేదనీ పరిశోధనలు తేల్చాక, 2010లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం కోతకు ముందు గంటలోపే ఇవ్వమని సలహా మార్చింది. ముహూర్తం కోసం థియేటర్ బయట గంటల తరబడి ఆగే తల్లికి వార్డులోనే సూది వేసేస్తే, శుభ ఘడియ వచ్చేసరికి చిల్లి గిన్నె సగం ఖాళీ.

ఈ పొరపాట్లు మందు లేక జరగవు. వార్డులో సిస్టర్ థియేటర్లో ఇస్తారనుకుంటారు, థియేటర్లో వార్డులోనే ఇచ్చారనుకుంటారు. లేదా వార్డులో ఆరింటికే వరసగా అందరికీ ఇచ్చేస్తారు. దీనికి విరుగుడు సులువు. థియేటర్ బల్ల దగ్గరే మత్తు డాక్టరుగారు ఇవ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన శస్త్రచికిత్స భద్రతా పట్టికలో, కత్తి పట్టుకునే ముందు అందరూ ఆగి పైకి చదవవలసిన ప్రశ్నల్లో ఇదొకటి: గత 60 నిమిషాల్లో యాంటీబయాటిక్ ఇచ్చారా? ఆ పట్టికను తొలుత పరీక్షించిన ఎనిమిది నగరాల్లో ఢిల్లీ కూడా ఉంది.

ఉత్తరం రాసిన పాఠకుడు నా మాట మీద తమ నాన్నగారి కాగితాలు ఫోనులో ఫొటో తీసి పంపారు. మత్తు డాక్టరుగారి చార్టులో నీలి సిరాతో రెండు వరసలున్నాయి. సెఫజోలిన్ 2 గ్రాములు, 9:20. కోత, 9:45.