పాల దగ్గర ఆగిన అహింస

మాంసం మానేయడం ఆధ్యాత్మిక సాధనలో ఒక మెట్టు అని ఒప్పుకునేవారు చాలామందే ఉన్నారు. పాలు, నెయ్యి, తేనె, పట్టు, తోలు కూడా వదలాలంటే మాత్రం వారిలో ఎక్కువమంది వెనకడుగు వేస్తారు. జంతువుల నుంచి వచ్చేదేదీ తినకూడదు, వాడకూడదు అనే ఈ వీగనిజం పాశ్చాత్యులు మోసుకొచ్చిన కొత్త మోజు అని కొట్టిపారేయడమూ పరిపాటే. ఆ పేరు వరకు కొత్తదే. 1944 నవంబరులో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు వీగన్ సొసైటీని స్థాపించినప్పుడు వాడుకలోకి వచ్చింది. దాని వెనుక ఉన్న ప్రశ్న మాత్రం ధర్మచింతన లోపలే, ఎన్నో శతాబ్దాల ముందే పుట్టింది.

క్రీ.పూ. 3వ శతాబ్దిలో అశోకుడు చెక్కించిన మొదటి శిలాశాసనంలో ఒక వంటశాల లెక్క ఉంది. ఒకప్పుడు రాజుగారి వంటశాలలో కూరల కోసం రోజూ లక్షల ప్రాణులను చంపేవారట. శాసనం రాయించే నాటికి అవి మూడుకు తగ్గాయి: రెండు నెమళ్లు, ఒక జింక. ఆ జింక కూడా ప్రతిరోజూ కాదు. ఇకమీదట ఈ మూడింటినీ చంపబోమని శాసనం ముగుస్తుంది. చక్రవర్తి తన ఇంట్లో ఇంకా మిగిలి ఉన్న హింసను కూడా దాచకుండా రాతి మీద చెప్పించడం నాకు ఎప్పుడు చదివినా గొప్పగా తోస్తుంది.

చంపినవాడిదేనా పాపం, తిన్నవాడికీ వాటా ఉందా అన్నది ఆ తర్వాతి పెద్ద చర్చ. మనుస్మృతి అయిదో అధ్యాయం అనుమతించినవాడి నుంచి కోసినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడి దాకా అందరినీ ఘాతకులే అంటుంది. అదే అధ్యాయం యజ్ఞంలో పశువధకు అనుమతి ఇస్తుందన్నదీ మరువరాదు. తినడానికి కొనేవారు లేకపోతే మాంసం అమ్మేవారే ఉండరని తమిళ నీతిగ్రంథం తిరుక్కురళ్ సూటిగా చెప్పింది. పాలీ బౌద్ధ గ్రంథాల దారి వేరు. తన కోసం చంపారని చూడక, వినక, అనుమానించక ఉంటే భిక్షువు మాంసం స్వీకరించవచ్చు. భిక్షాపాత్రలో పడినదాన్ని తినేవాడికి ఆ నియమం న్యాయమే. దుకాణంలో ఏరి కొనుక్కునే మనం దాని చాటున నిలబడటం న్యాయం కాదు. తర్వాత మహాయానంలోని లంకావతార సూత్రం ఆ సడలింపునూ ఒప్పుకోలేదు.

మాంసాన్ని దాటి ఆలోచించినవారూ ఉన్నారు. తూర్పు ఆసియా బౌద్ధులు ఆదరించే శూరంగమ సూత్రం పట్టు, తోలు, ఉన్నితో పాటు పాలు, మీగడ, వెన్న కూడా వదిలిన భిక్షువును మెచ్చుకుంటుంది. ఇంకా స్పష్టమైన గొంతు సిరియాలో వినిపించింది. 973లో పుట్టి, పసితనంలోనే మశూచితో చూపు పోగొట్టుకున్న అరబ్బీ కవి అల్ మఆరీ మాంసం, చేపలు, గుడ్లు, పాలు, తేనె అన్నీ విడిచిపెట్టాడు. తల్లి తన పిల్లల కోసం దాచుకున్న పాలు మనవి కావని, పువ్వు పువ్వూ తిరిగి తేనెటీగలు కూడబెట్టింది మనకు కానుకగా ఇవ్వడానికి కాదని పద్యంలో చెప్పాడు. దేవుడు మనిషి కోసం ఇచ్చినవాటిని ఎందుకు కాదంటావని ఈజిప్టును ఏలిన ఫాతిమీ ఖలీఫాల మతప్రచారకుడు ఒకరు ఆయనతో లేఖల్లో వాదించాడు. నేటికీ వినబడే వాదనే అది.

అహింసను పరమధర్మమన్న భారతదేశంలో పాలు ఎందుకు తప్పించుకున్నాయి? భూమిలోని జీవులకు హాని అని దుంపలు మానే జైనులు, తేనెను నిషిద్ధమనే జైనులు, పాలను మాత్రం స్వీకరించారు. పాలు పితకడంలో ప్రాణం పోదన్నది వారి లెక్క. దూడ తాగగా మిగిలినది మనిషికి, కోడెదూడ ఎదిగితే నాగలికి, ఆవు తల్లితో సమానం. ఈ ఏర్పాటు ఆచరణలో ఎప్పుడూ ఇంత నిర్మలంగా ఉందని నేను అనను. కానీ దాని మీదే ఆ ధర్మం నిలిచింది. ట్రాక్టరు వచ్చాక కోడెకు పని పోయింది. పెద్ద డెయిరీల్లో దూడను పుట్టిన కొద్ది గంటల్లోనో రోజుల్లోనో తల్లి నుంచి వేరు చేస్తారు. మగదూడకు విలువ లేదు, వట్టిపోయిన పశువును మేపేవారు అరుదు. శాస్త్రవచనం మారలేదు, అది నమ్ముకున్న వాస్తవం మారిపోయింది. ఈనాటి వివాదానికి మూలం ఇదేనని నా అభిప్రాయం.

పడమటి దేశాల్లోనూ ఇది మొదట భక్తిమార్గంలోనే నడిచింది. 1843లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో బ్రాన్సన్ ఆల్కాట్, ఆయన మిత్రులు ఫ్రూట్‌లాండ్స్ అనే ఆశ్రమం లాంటి పొలం మొదలుపెట్టారు. పాలు, గుడ్లు వద్దన్నారు. గొర్రెది కనుక ఉన్ని వద్దు, బానిసల చెమట కనుక పత్తి వద్దు అని నారబట్టలు కట్టారు. పొలం దున్నడం మాత్రం చేతులతో సాగక చివరికి పశువులనే కట్టారు. చలికాలం ముగియకముందే ఆ పొలం మూతపడింది. 1951లో వీగన్ సొసైటీకి చెందిన లెస్లీ క్రాస్ వీగన్ సిద్ధాంతాన్ని ఒక్క మాటలో తేల్చాడు: జంతువులను దోచుకోకుండా మనిషి బతకాలి. చంపడం గురించి సాగిన చర్చ అక్కడితో వాడుకోవడం మీదికి మళ్లింది.

పాలను ఒప్పుకునే ధోరణి, వద్దనే ధోరణి రెండూ గాంధీజీ శరీరంలోనే ఢీకొన్నాయి. ఎక్కువ పాలు రాబట్టడానికి కలకత్తాలో ఆవులకు చేసే ‘ఫూకా’ అనే క్రూరపద్ధతి గురించి చదివి, దక్షిణాఫ్రికాలో ఉండగా 1912లో ఆయన పాలు మానేశారు. (ఆ పద్ధతి 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం.) తీవ్రమైన జిగట విరేచనాలతో మంచం పట్టినప్పుడు, వ్రతం ఆవు, గేదె పాలకే కదా అని కస్తూర్బా నచ్చజెప్పగా 1919లో మేకపాలు తాగారు. ప్రతిజ్ఞలోని అక్షరం నిలిచింది, ఆత్మ పోయిందని ఆయనే రాసుకున్నారు. ఆ బాధ ఆయనను వదలలేదు. ప్రాణం నిలుపుకున్నందుకు ఆయనను తప్పుపట్టే వీగన్‌ల కఠినత్వం నాకు నచ్చదు. ఆయన పేరు చెప్పి పాలను నిశ్చింతగా సమర్థించేవారు ఆ బాధను కూడా చదవాలి.

పొలం దున్నినా పురుగులు చస్తాయి కదా, మరి అహింస ఎక్కడ అనే ఎదురు ప్రశ్న కూడా పాతదే. మహాభారతం అరణ్యపర్వంలో మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడు తన దగ్గరికి వచ్చిన కౌశికుడనే బ్రాహ్మణుడిని సరిగ్గా ఇదే అడుగుతాడు. అహింసావ్రతులైన యతులూ హింస చేయక తప్పదు, ప్రయత్నం వల్ల అది తగ్గుతుంది అని కూడా ఆయనే అంటాడు. వాదించేవారు మొదటి సగాన్ని పట్టుకుని రెండో సగాన్ని వదిలేస్తుంటారు. 1979లో వీగన్ సొసైటీ తన నిర్వచనంలో ‘సాధ్యమైనంత, ఆచరణీయమైనంత మేరకు’ అన్న మాట చేర్చింది. అదీ ధర్మవ్యాధుడి రెండో సగానికి దగ్గరిదే.

ఇప్పుడు వాదన భక్తుల మధ్యనే నడుస్తోంది. ఆకు, పువ్వు, పండు, నీరు ఇస్తే చాలని గీత తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడు అన్నాడు కనుక అభిషేకానికి, నైవేద్యానికి పాలు తప్పనిసరి కాదంటారు కొందరు. గోసేవ చేస్తూ పాలు తీసుకోవచ్చంటారు మరికొందరు. లండన్ సమీపంలోని ఇస్కాన్ కృష్ణమందిరం భక్తివేదాంత మానర్‌లోని గోశాల ఆ రెండో దారిని నమ్మింది. అక్కడ ఏ పశువునూ వధకు పంపరు, ఎడ్లకు పని ఉంటుంది, ముసలి ఆవులను చివరిదాకా పోషిస్తారు. అలా తీసిన పాలు కొద్దిగానే వస్తాయి, ఖర్చు ఎక్కువవుతుంది. అందరూ రోజూ తాగేటంత పాలు ఆ పద్ధతిలో దొరకవు.