జెఫర్సన్ మూసిన రేవులు: 1807 నాటి ఓడల నిషేధం

2025 ఆగస్టు 27న చాలా భారత సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. అందులో సగం, రష్యా చమురు కొంటున్నందుకు వేసినది. ఆ దెబ్బ గోదావరి జిల్లాల రొయ్యల చెరువుల దాకా తగిలింది. ఎదుటి దేశాన్ని దారికి తెచ్చుకోవడానికి వర్తకాన్ని ఆయుధం చేసుకోవడం, అందుకు చట్టం అధ్యక్షుడికి ఎంతవరకు అధికారమిచ్చిందన్న తగాదా కోర్టుకెక్కడం అమెరికాకు కొత్త కాదు. మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ రెండో విడత పాలనలోనే ఈ రెండూ జరిగాయి.

అప్పుడు బ్రిటన్, నెపోలియన్ ఫ్రాన్స్ యుద్ధంలో ఉన్నాయి. ఎవరి పక్షమూ చేరని అమెరికా ఓడలు ఇద్దరికీ సరుకు మోసి బాగా గడించాయి. 1807లో అమెరికా ఎగుమతులు సుమారు 10.8 కోట్ల డాలర్లు. ఇందులో దాదాపు 6 కోట్ల విలువైన సరుకు అమెరికాలో పండిందీ తయారైందీ కాదు. కరీబియన్ చక్కెర, కాఫీ, కలకత్తా, మద్రాసు రేవుల్లో కొన్న నూలు బట్టలు వంటివి తెచ్చి మళ్లీ బయటికి అమ్మినవి. బ్రిటన్, ఫ్రాన్స్ ఒకరి రేవులకు వెళ్లే ఓడలను మరొకరు పట్టుకుంటామని ఉత్తర్వుల మీద ఉత్తర్వులు ఇచ్చాయి. పైగా బ్రిటిష్ నౌకాదళం అమెరికా ఓడలు ఎక్కి నావికులను బలవంతంగా పట్టుకుపోయేది. 1807 జూన్ 22న వర్జీనియా తీరం దగ్గర బ్రిటిష్ యుద్ధనౌక లెపర్డ్, అమెరికా యుద్ధనౌక చెసపీక్ మీద కాల్పులు జరిపి నలుగురిని ఎత్తుకుపోయింది. దేశం యుద్ధానికి ఉరకలు వేసింది. కానీ జెఫర్సన్ తన నౌకాదళాన్ని తానే కుదించుకున్నాడు, బ్రిటన్‌తో సముద్రం మీద తలపడే స్థితి లేదు. మన గోధుమ, మన పత్తి లేకుండా వాళ్లు ఎన్నాళ్లు ఉంటారో చూద్దామన్నది ఆయన లెక్క.

డిసెంబరు 18న కాంగ్రెస్‌కు సందేశం పంపాడు. సెనేట్ అదే రోజు 22–6తో బిల్లు ఆమోదించింది, 22న అది చట్టమైంది. ఆర్థిక మంత్రి ఆల్బర్ట్ గాలటిన్ ముందే హెచ్చరించాడు: గడువు లేని నిషేధం కంటే యుద్ధమే నయమని రాశాడు. విచిత్రమేమిటంటే, దాన్ని అమలుచేసే భారమూ ఆయన మీదే పడింది. రేవుల్లో సుంకం వసూలు చేసే కలెక్టర్లు ఆయన శాఖవాళ్లే మరి.

మొదటి చట్టం చాలా చిన్నది. అమెరికా ఓడ ఏదీ విదేశీ రేవుకు బయల్దేరకూడదు. సొంత తీరం వెంబడి బోస్టన్ నుంచి చార్లెస్టన్‌కు సరుకు తీసుకెళ్లవచ్చు. కానీ ఒకసారి తెరచాప ఎత్తాక ఓడ ఎటు తిరుగుతుందో ఎవరు చూస్తారు? అందుకే ఓడ విలువకూ సరుకు విలువకూ కలిపి రెండింతల మొత్తానికి పూచీ బాండు రాయాలన్నారు; 1808 జనవరి 9 నాటి అనుబంధ చట్టం దీన్ని తీర వర్తకానికే లైసెన్సున్న ఓడలకూ వర్తింపజేసింది. ఓడ 5,000 డాలర్లు, పిండి 5,000 డాలర్లు చేస్తే బాండు 20,000 డాలర్లు. సరుకు అమెరికా రేవులోనే దించామని అక్కడి అధికారి నుంచి పత్రం తెస్తేనే బాండు రద్దవుతుంది. చట్టం మీరిన ఓడ నాయకుడికి 1,000 నుంచి 20,000 డాలర్ల దాకా జరిమానా.

ఇక్కడే కన్నం పడింది. తుపానులో తెరచాప చిరిగిందనో, ఓడకు నీరు పట్టిందనో చెప్పి బ్రిటిష్ కెనడా రేవు హాలిఫాక్స్‌లోనో కరీబియన్ దీవుల్లోనో ఆగేవారు. ‘మరమ్మతు ఖర్చుల కోసం’ సరుకు అమ్మేవారు. తిరిగొచ్చి గాలివాన మీద ప్రమాణం చేసేవారు. కాదని రుజువు చేయాలంటే సాక్షులు ఆ ఓడ సిబ్బందే.

రెండో కన్నం నేల మీద. మొదటి రెండు చట్టాలూ ఓడల గురించే మాట్లాడాయి, బండ్ల గురించి కాదు. కెనడా సరిహద్దులోని వెర్మాంట్ రైతులకు పొటాష్ (కట్టెల బూడిద నుంచి తీసే క్షారం), కలప అమ్ముకునే దారి షాంప్లేన్ సరస్సు మీదుగా ఉత్తరానికే. 1808 మార్చి 12 నాటి చట్టంతో ఆ దారీ మూసేసరికి దుంగల తెప్పలు రాత్రిపూట కదిలాయి. ఏప్రిల్ 19న జెఫర్సన్ ఆ ప్రాంతంలో తిరుగుబాటు లేచిందని ప్రకటన జారీ చేశాడు. ఆగస్టులో ‘బ్లాక్ స్నేక్’ అనే దొంగరవాణా పడవను పట్టుకునే ఘర్షణలో ముగ్గురు చనిపోయారు, సైరస్ డీన్ అనే వ్యక్తిని నవంబరులో బర్లింగ్టన్‌లో ఉరితీశారు. సైనికుల నుంచి తెప్పను లాక్కున్నందుకు ఒకతని మీద ఏకంగా దేశద్రోహం కేసు పెడితే, ఇది దేశద్రోహం కాదని జడ్జి లివింగ్‌స్టన్ తేల్చాడు. ఈశాన్య మూలన పస్సమక్వాడి అఖాతంలో మరో తంతు. ఈస్ట్‌పోర్టులో ఆ ఊరి జనం తినగలిగినదానికి ఎన్నో రెట్లు పిండి పీపాలు దిగేవి, పొగమంచు కమ్మగానే పడవల్లో బ్రిటిష్ ఒడ్డుకు దాటేవి.

గోధుమ చాలినంత పండని రాష్ట్రాలు పస్తులుండకూడదని గవర్నర్లకు అనుమతి పత్రాలిచ్చే వీలు కల్పించారు. మసాచుసెట్స్ గవర్నర్ జేమ్స్ సలివన్ సుమారు 50 వేల పీపాలకు పత్రాలు ఇచ్చేశాడు. ఆ పత్రాలు ఇతర రేవుల్లో చేతులు మారి అమ్ముడుపోయాయి.

నన్నడిగితే ఈ మొత్తం కథలో కీలకం 1808 ఏప్రిల్ 25 నాటి చట్టం. నిషేధం మీరే ఉద్దేశం ఉందని ‘తన అభిప్రాయంలో’ తోస్తే చాలు, కలెక్టర్ ఓడను ఆపేయవచ్చు. అప్పటిదాకా తప్పు చేస్తే శిక్ష, ఇప్పుడు తప్పు చేస్తాడనిపిస్తే శిక్ష. దీని ఆసరాగా, తిండి సరుకు అసాధారణంగా ఎక్కువున్న ఓడలన్నిటినీ ఆపమని గాలటిన్ సర్క్యులర్ పంపాడు. చార్లెస్టన్ నుంచి బాల్టిమోర్‌కు పత్తి, బియ్యంతో బయల్దేరబోయిన ఓడ యజమాని గిల్‌క్రిస్ట్ కోర్టుకెళ్లాడు. అక్కడి కలెక్టర్ తనకు అనుమానమేమీ లేదనీ, సర్క్యులర్‌ను బట్టే ఆపాననీ ఒప్పుకున్నాడు. చట్టం ఆ అభిప్రాయాన్ని కలెక్టర్‌కు వదిలింది కాబట్టి, పైవాళ్ల సర్క్యులర్‌కు అంతకు మించిన బలం లేదని జస్టిస్ విలియం జాన్సన్ ఓడను విడిపించాడు. జాన్సన్‌ను సుప్రీంకోర్టులో నియమించింది జెఫర్సనే. తీర్పుకు తలొగ్గడానికి బదులు, అటార్నీ జనరల్ చేత దానికి విరుద్ధమైన అభిప్రాయం రాయించి అధ్యక్షుడు దాన్ని ప్రచారంలో పెట్టాడు. ఇది జెఫర్సన్ చేసిన పెద్ద తప్పని నా నమ్మకం. అయితే అసలు నిషేధం రాజ్యాంగబద్ధమేనని అదే ఏడాది మసాచుసెట్స్‌లో జడ్జి జాన్ డేవిస్ తీర్పిచ్చాడు. 2025 నాటి సుంకాల కేసుల్లోనూ ప్రశ్న ఇదే రూపంలో ఉండేది: 1977 నాటి అత్యవసర అధికారాల చట్టంలో లేని మాటను అధ్యక్షుడి ఉత్తర్వు చేర్చగలదా?

1808లో ఎగుమతులు 2.24 కోట్ల డాలర్లకు పడిపోయాయి, అంటే ఐదో వంతుకు. బ్రిటన్ మాత్రం లొంగలేదు. లాంకషైర్ నేతగాళ్లు నలిగిన మాట నిజమే. కానీ ఆ ఏడాదే బ్రెజిల్ రేవులు తెరుచుకున్నాయి, నెపోలియన్ మీద స్పెయిన్ తిరగబడటంతో దాని వలస ప్రాంతాల బజార్లూ బ్రిటన్‌కు దక్కాయి. నెపోలియన్ అయితే, అమెరికా చట్టప్రకారం అమెరికా ఓడలు బయట ఉండకూడదు గనుక ఇవి బ్రిటిష్‌వేనంటూ దొరికినవాటిని జప్తు చేశాడు.

1809 జనవరి 9న ఆఖరి అమలు చట్టం వచ్చింది. బాండు ఆరు రెట్లు, సరుకు ఎక్కించడానికే ముందస్తు అనుమతి, సరిహద్దు వైపు పోతున్నట్టు కనిపించే బండ్ల సరుకు జప్తు, అవసరమైతే సైన్యం. కనెక్టికట్ గవర్నర్ ట్రంబుల్ మిలీషియాను (రాష్ట్రపు పౌర సైన్యాన్ని) ఇవ్వననడమే కాక, ఇలాంటప్పుడు రాష్ట్రం అడ్డుపడాలన్నాడు. 1798లో అప్పటి అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా కెంటకీ రాష్ట్ర శాసనసభ కోసం తీర్మానాలు రహస్యంగా రాసినప్పుడు జెఫర్సన్ వాదన కూడా అదే. మార్చి 1న, పదవి దిగడానికి మూడు రోజుల ముందు, నిషేధం ఎత్తివేసే చట్టం మీద ఆయన సంతకం చేశాడు. బ్రిటన్, ఫ్రాన్స్‌లతో వర్తకం మాత్రమే బంద్‌గా మిగిలింది. బ్రిటన్‌తో యుద్ధమూ తప్పలేదు, 1812లో వచ్చింది.

నిషేధం వల్ల ఊహించని చోట ఒకటి మొలిచింది. బయటి బట్ట రాకపోవడంతో ఓడలకు పెట్టే డబ్బు మిల్లులకు మళ్లింది. గాలటిన్ 1810 నివేదిక ప్రకారం, 1808కి ముందు 15 నూలు మిల్లులు, 8,000 కదుళ్లు ఉండేవి. 1809 చివరికి కదుళ్లు 31,000. యుద్ధం అయ్యాక ఆ మిల్లులను కాపాడుకోవడానికి 1816 సుంకాల చట్టం ఒక మెలిక పెట్టింది. బట్ట అసలు ధర చదరపు గజానికి 25 సెంట్ల కంటే తక్కువైనా 25 సెంట్లుగానే లెక్కగట్టి దాని మీద 25 శాతం వసూలు చేయాలి. అంటే గజానికి ఆరుంపావు సెంట్లు. 25 సెంట్ల బ్రిటిష్ బట్టకు అది పావు వంతే. ఆరు సెంట్ల ముతక భారతీయ బట్టకు నూరు శాతం పైనే.