సుంకం సున్నా అన్నా సరుకు ఎందుకు ఆగుతుంది? ప్రాంతీయ వాణిజ్యంపై కొన్ని అపోహలు

ఎగుమతిదారుల కాగితాలు సరిచూడటం నా పని. ఏదైనా వాణిజ్య ఒప్పందంపై సంతకాలు జరిగిన మర్నాడు వచ్చే ఫోన్లలో అడిగేది దాదాపు ఒకటే: "ఇక సుంకం కట్టక్కర్లేదు కదా?"

అపోహ: ఒప్పందం అమల్లోకి వస్తే సభ్యదేశాల మధ్య సరుకు సుంకం లేకుండా వెళ్లిపోతుంది.

వాస్తవం: ఆ సరుకు ఒప్పందం ప్రకారం సభ్యదేశానిదేనని నిరూపించగలిగితేనే వెళ్తుంది. చొక్కానే తీసుకోండి. బట్ట ఒక దేశానిది, గుండీలు మరో దేశానివి, కుట్టింది ఇంకో దేశంలో. అయితే చొక్కా ఎవరిది? మూలదేశ నిబంధనలు చెప్పాలి. ఒప్పందం మారితే జవాబు కూడా మారుతుంది. ఐరోపా సమాఖ్య 2001లో అత్యల్పాభివృద్ధి దేశాలకు ఆయుధాలు మినహా దాదాపు అన్ని సరుకులపై సుంకం ఎత్తివేసింది. అయినా బయటి బట్టతో కుట్టిన చొక్కాకు సాధారణంగా ఆ రాయితీ దక్కేది కాదు; బట్ట కూడా అక్కడే తయారవ్వాలనేవారు. 2011లో కుట్టు ఒక్కటి చాలన్నాక కంబోడియా, బంగ్లాదేశ్ దుస్తుల ఎగుమతులు బాగా పెరిగాయి. సుంకం రేటును ఎవరూ ముట్టుకోలేదు. ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతంలో 2021 జనవరి 1న వ్యాపారం మొదలైందని ప్రకటించేనాటికి దుస్తులు, వాహనాల మూల నిబంధనలు ఇంకా తేలనే లేదు.

నిబంధన నెగ్గినా, సరుకు ఏ దేశానిదో చెప్పే ధ్రువపత్రం ఉంది. అందులో సరుకుల వర్గీకరణ సంఖ్య, అంటే ఏ వస్తువో కస్టమ్స్‌కు తెలిపే సంఖ్య, రాయాలి. దాని మొదటి ఆరు అంకెలూ ప్రపంచమంతటా ఒకటే అంటారు. నిజమే, అందరూ ఒకే సంచిక వాడితే! 2022లో ఈ సంఖ్యల పట్టిక సవరించారు. ఒప్పందాల్లో చాలావాటి జాబితాలు అంతకుముందు రాసినవి. నేను చూసిన ఒక లోడులో ధ్రువపత్రం మీద పాత సంఖ్య, ఇన్వాయిస్ మీద కొత్త సంఖ్య ఉన్నాయి. రెండూ ఒకే వస్తువువని ఒప్పించేలోగా వారం గడిచింది. గిడ్డంగి అద్దె పెరుగుతుంటే దిగుమతిదారు విసిగిపోయి పూర్తి సుంకం కట్టి సరుకు విడిపించుకున్నాడు.

అపోహ: సుంకం విదేశీ అమ్మకందారు కడతాడు.

వాస్తవం: పై కథలో కట్టిందెవరో చూశారుగా. అమ్మకందారు ధర కొంత తగ్గించవచ్చు. కానీ చిన్న ఆర్థిక వ్యవస్థ కొనే కాసింత సరుకు కోసం ప్రపంచ ధర దిగిరాదు.

అపోహ: దిగుమతులకు అడ్డుకట్ట వేస్తే స్థానిక పరిశ్రమ దానంతటదే ఎదుగుతుంది.

వాస్తవం: జిప్పులపై సుంకం వేస్తే జిప్పులు చేసేవాడికి పండగ, సంచులు కుట్టి ఎగుమతి చేసేవాడికి దండగ. రక్షణ విధానాన్ని సమర్థించేవారు దక్షిణ కొరియాను ఉదాహరణగా చూపిస్తారు. 1960లలో ఆ దేశం సొంత మార్కెట్‌కు కంచె వేసుకున్న మాట వాస్తవమే. అదే సమయంలో ఎగుమతిదారులు తెచ్చుకునే ముడిసరుకుపై సుంకం మినహాయించింది. ఈ రెండో ముక్క ఎవరూ చెప్పరు, నాకు చిరాకు అక్కడే.

ఎదుటివాడి బలం కూడా లెక్కలోకి వస్తుంది. రువాండా 2016లో పాత బట్టల దిగుమతిపై సుంకం పెంచింది. అందుకు ప్రతిగా 2018లో అమెరికా ఆ దేశపు దుస్తులకు ఇస్తున్న సుంకం రాయితీని నిలిపివేసింది. ఒప్పందంతో సాధించుకున్న హక్కుకూ, ఒకరు దయతలచి ఇచ్చిన రాయితీకీ ఉన్న తేడా అప్పుడు తెలుస్తుంది.

అపోహ: ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక సుంకం పెంచే వీలుండదు.

వాస్తవం: ప్రతి సభ్యదేశం తాను ఒప్పుకున్న గరిష్ఠ పరిమితికి లోబడాలి, అంతే. చాలా వర్ధమాన దేశాల్లో వసూలు చేసే సుంకం ఆ పరిమితికి బాగా దిగువనే ఉంటుంది.

అపోహ: రోడ్లు వేస్తే పొరుగు దేశాలతో వ్యాపారం పెరుగుతుంది.

వాస్తవం: రోడ్డు సరిహద్దు దాకా తీసుకెళ్తుంది. అక్కడ ఒక దేశం వదిలేవరకు ఒక వరుస, మరో దేశం రానిచ్చేవరకు ఇంకో వరుస. జాంబియా, జింబాబ్వే మధ్య చిరుందు వద్ద 2009లో ఈ రెంటినీ కలిపేశారు. ఇరుదేశాల అధికారులు ఒకే ప్రాంగణంలో కూర్చుంటారు, లారీ వెళ్లే దిక్కున ఒక్కసారే ఆగుతుంది.