ఆది జాకెట్టు లెక్క ఇక్కడ పనిచేయదు: స్పోర్ట్స్ బ్రా మీద అపోహలు - వాస్తవాలు

విజయవాడలో ఆడవాళ్ళ లోదుస్తుల షాపులో కొలతలు తీసి, ఫిట్టింగ్ చూసే పని నాది. జనవరి వచ్చిందంటే స్పోర్ట్స్ బ్రా కోసం వచ్చేవాళ్ళు పెరుగుతారు. టైలర్ దగ్గరికి ఆది జాకెట్టు తీసుకెళ్ళినట్టు, చాలామంది పాత బ్రా ఒకటి కవర్లో చుట్టి తెస్తారు. "ఇదే సైజులో కాస్త టైట్‌ది ఇవ్వండి" అంటారు. అసలు ఆ పాతదే తప్పు సైజు అయితే?

అపోహ: బరువు మోసేవి భుజాల మీది స్ట్రాప్‌లు.

నా దగ్గరికొచ్చే ఇబ్బందుల్లో సగం ఇక్కడే పుడతాయి. మోయాల్సింది రొమ్ము కింద చుట్టూ ఉండే పట్టీ, అంటే బ్యాండ్. స్ట్రాప్‌లది చేయూత మాత్రమే.

మొన్న బ్యాంకులో పనిచేసే ఒకావిడ వచ్చారు. భుజాల మీద వేలు పట్టేంత గాడి, నల్లగా. "జుంబాలో చేరానమ్మా, వారానికే మెడ పట్టేసింది" అన్నారు. వేసుకున్నది 38సి. వెనక హుక్కుల దగ్గర చూస్తే పట్టీ మెడ వైపు ఎక్కి కూర్చుంది. వెనక పైకి లేచిందంటే ముందు కిందికి జారినట్టే. ఆవిడేమో స్ట్రాప్ ఇంకా బిగించుకుంటూ పోయారు.

టేప్ పెట్టాను. ఊపిరి వదిలాక రొమ్ము కింద 34 అంగుళాలు, నిండుగా ఉన్నచోట 39. తేడా 5. ఈ తేడాని బట్టే కప్పు అక్షరం: అంగుళానికి 'ఏ', రెండుకి బి, మూడుకి సి, నాలుగుకి డి, ఐదుకి డీడీ. అంకె పట్టీది, అక్షరం కప్పుది, అంటే ఆవిడది 34డీడీ. వినగానే "అయ్యో, అంత పెద్దదా!" అని నోటిమీద చెయ్యి పెట్టుకున్నారు. ఇక్కడే ఒక కిటుకు ఉంది. 38సి, 36డి, 34డీడీ మూడింటిలో కప్పు పట్టేది ఒకటే, మారేది పట్టీ. కప్పు సరిపోతోంది కాబట్టే నాలుగు అంగుళాలు వదులు పట్టీతో ఇన్నేళ్ళు నెట్టుకొచ్చారు. కంపెనీని బట్టి ఈ అక్షరాలు కాస్త అటూఇటూ అవుతాయి కాబట్టి ట్రయల్ రూమ్‌కి వెళ్ళక తప్పదు.

అపోహ: ఎంత అణిచి పెడితే అంత సపోర్ట్.

రొమ్ములో కండరం లేదు. కొవ్వు, పాలగ్రంథులు, వాటిని పట్టి ఉంచడానికి పైన చర్మం, లోపల కూపర్ లిగమెంట్లు అనే సన్నటి పీచులు, అంతే. పరిగెత్తేటప్పుడు పైకీ కిందికీ మాత్రమే కాదు, పక్కలకీ, ముందుకీ వెనక్కీ కూడా కదులుతుంది. ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మౌత్ యూనివర్సిటీ వాళ్ళు కొలిచి చూస్తే ఆ దారి ఇంచుమించు 8 అంకెలా వచ్చింది. తలమీంచి తొడుక్కునే, అణిచిపెట్టే రకం చిన్న సైజులకు సరిపోతుంది. నిండుగా ఉన్నవాళ్ళకు అదే వేస్తే రెండూ ఒకదానికొకటి అతుక్కుని, మధ్యలో చెమట నిలిచి, కింద ఒరుసుకుపోయి మంట. అందుకని రెండు వైపులా విడివిడిగా కప్పు ఉండి, వెనక హుక్కులు, వెడల్పు పట్టీ ఉన్నది అడగండి.

అపోహ: ఒకదానిమీద ఒకటి రెండు వేసుకుంటే సరి.

వదులు పట్టీలు రెండైనా వదులే. చెమట మాత్రం డబుల్.

ఈ అవస్థ మనకే కాదులెండి. 1977లో అమెరికాలోని వెర్మాంట్‌లో జాగింగ్ చేసే లీసా లిండాల్, ఆమె స్నేహితురాలు పాలీ స్మిత్, పాలీతో పనిచేసే హిండా మిల్లర్ కలిసి, మగవాళ్ళు ఆటల్లో వేసుకునే సపోర్టర్లు రెండు తెచ్చి కలిపి కుట్టారు. మొదటి స్పోర్ట్స్ బ్రా అలా పుట్టింది.

అపోహ: బిగుతు బ్రా వేసుకుంటే క్యాన్సర్ వస్తుంది.

రాదు. 2014లో అమెరికాలోని సియాటిల్‌లో ఫ్రెడ్ హచిన్సన్ అనే క్యాన్సర్ పరిశోధన సెంటర్ వాళ్ళు నెలసరి ఆగిన మహిళల్లో బ్రా వేసుకునే అలవాటుని పరిశీలిస్తే, క్యాన్సర్‌తో సంబంధమేమీ కనబడలేదు. గడ్డ తగిలితే మాత్రం బ్రా సంగతి వదిలేసి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

అపోహ: మన ఎండలకు కాటనే మంచిది.

ఇంట్లోకి, ఆఫీసుకి సరే. వ్యాయామంలో కాటన్ చెమటంతా పీల్చి తడిగానే ఉండిపోతుంది. ఆ తడికే రొమ్ము కింద ఎర్రబడి దురద మొదలవుతుంది. చెమటను బయటికి లాగి త్వరగా ఆరే బట్ట చూసుకోండి. ఇంటికెళ్ళగానే మార్చేయండి, అదే బ్రాతో వంటింట్లోకి దూరొద్దు.

అపోహ: అద్దంలో బాగుంటే సైజు సరిపోయినట్టే.

నేనైతే ట్రయల్ రూమ్‌లో గెంతిస్తాను. సిగ్గుపడతారు, నవ్వుతారు, అయినా గెంతిస్తాను. చేతులు పైకెత్తితే పట్టీ కదలకూడదు. పట్టీ కింద రెండు వేళ్ళు పట్టాలి, పిడికిలి కాదు. కప్పు అంచు మీంచి పొంగితే చిన్నది, ముడతలు పడితే పెద్దది. కొత్తది చివరి హుక్కుకి, అంటే వదులుగా ఉన్నదానికి సరిపోవాలి. రోజులు గడిచి ఎలాస్టిక్ సాగే కొద్దీ లోపలి హుక్కులకు వెళ్ళొచ్చు.

బ్యాంకు ఆవిడ 34డీడీ వేసుకుని నాలుగు గెంతులు గెంతి, స్ట్రాప్‌లు రెండూ తనే వదులు చేసుకున్నారు. రెండు నెలలకి మళ్ళీ వచ్చి "సాగిపోయిందమ్మా" అని నా మీద కేకలేశారు. ఎలా ఉతుకుతున్నారంటే, బట్టలు మెత్తబడే లిక్విడ్ వేసి, డ్రైయర్‌లో వేడికి తిప్పుతున్నారట. రెండూ ఎలాస్టిక్‌కి శత్రువులే. మామూలు నీళ్ళలో చేత్తో ఉతికి నీడన ఆరేయమని చెప్పి, ఇంకొకటి బిల్లు వేశాను.