వెండి కంచం మీద ముద్ర: రూపాయి బిళ్ల నుంచి హెచ్‌యూఐడీ దాకా

2025 సెప్టెంబర్ 1 నుంచి మన దేశంలో హాల్‌మార్క్ (స్వచ్ఛత పరీక్షించి కొట్టే ముద్ర) వేసే వెండి వస్తువులకు కూడా హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో వస్తువుకీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు, వచ్చింది. అంకెలూ అక్షరాలూ కలిపి ఆరు స్థానాలుండే ఈ నంబరు బంగారానికి 2021 నుంచే ఉంది. అయితే బంగారం విషయంలో హాల్‌మార్క్ తప్పనిసరి. 2021 జూన్ 16న 256 జిల్లాలతో మొదలుపెట్టి, తర్వాత మరిన్ని జిల్లాలకు పెంచుతూ వచ్చారు. వెండికి మాత్రం అది ఇప్పటికీ ఐచ్ఛికమే. షాపతను వేయిస్తే వేయించినట్టు, లేకపోతే లేదు.

వెండి చవగ్గా ఉన్నన్నాళ్లూ ఇది ఎవరికీ పెద్ద విషయంగా తోచలేదు. కిలో వెండి లక్ష రూపాయలు దాటింది, 2025 చివరికి రెండు లక్షలు కూడా దాటింది. ఇప్పుడు లెక్క వేసి చూడండి. అరకిలో కంచం 92.5 శాతం వెండి అయితే అందులో అసలు వెండి 462 గ్రాముల పైచిలుకు. అదే కంచం 80 శాతందైతే 400 గ్రాములే. కిలో రెండు లక్షల ధరలో ఈ తేడా 12,500 రూపాయలు. కంటికి రెండూ ఒకేలా మెరుస్తాయి. ఈ తేడా బయటపడేది ఎప్పుడో పదేళ్లకి, పాత వెండి మార్చుకోవడానికి వెళ్లినప్పుడు. అప్పుడు షాపతను కరిగించి ‘టంచ్ (స్వచ్ఛత) తక్కువొచ్చిందండీ’ అంటే మన దగ్గర జవాబుండదు.

అలాగని మన ఇళ్లలో వెండికి గ్యారంటీ అన్నది ఎప్పుడూ లేదనుకోవడం పొరపాటు. ఒకప్పుడు ఉండేది. అది రూపాయి బిళ్ల.

1835లో ఈస్టిండియా కంపెనీ తన పాలనలో ఉన్న ప్రాంతాలన్నిటికీ ఒకే రూపాయి తెచ్చింది. బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి, ఒక పాలు కల్తీ లోహం. శాతంలో చెప్తే దాదాపు 91.7. తులం బరువూ అదే. అందుకే పాతకాలం వాళ్లు వెండి సామాను తూకం ‘యాభై రూపాయల ఎత్తు’, ‘నూరు రూపాయల ఎత్తు’ అని చెప్పేవాళ్లు. చెంబు కావాలంటే దాచుకున్న బిళ్లలు కంసాలికిచ్చి, ఆయన మూసలో వేసి కరిగిస్తుంటే కుంపటి ముందే కూర్చునేవాళ్లు. ఎంత స్వచ్ఛత అని అడగాల్సిన పని లేదు. సర్కారు టంకశాల ముందే తేల్చి ముద్ర కొట్టిన సరుకు కదా!

ఇందులో మనవాళ్లకే సంబంధించిన మెలిక ఒకటుంది. కోస్తా, రాయలసీమ జిల్లాల్లో నడిచింది ఈ బ్రిటిష్ రూపాయి. నిజాం రాజ్యంలో నడిచింది హాలీ సిక్కా. చార్మినార్ బొమ్మున్న ఆ రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతమే. అంటే అటు బెజవాడలో బిళ్లలు కరిగించి చేయించిన గ్లాసుకీ, ఇటు వరంగల్‌లో హాలీ బిళ్లలతో చేయించిన గ్లాసుకీ స్వచ్ఛతలో దాదాపు పది శాతం తేడా ఉండొచ్చు. అమ్మమ్మల కాలం నాటి వెండి మార్చేటప్పుడు ఒక్కో ఇంటి సామానుకి ఒక్కో లెక్క రావడానికి కారణం ఎప్పుడూ మోసమే కానక్కర్లేదు.

నాణేలు కరిగించడం పేదా గొప్పా తేడా లేని అలవాటు. జైపూర్ మహారాజు రెండో సవాయ్ మాధోసింగ్ 1902లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి లండన్ వెళ్తూ, గంగాజలం పట్టుకెళ్లడానికి వాడిన పెద్ద వెండి కలశాలు కూడా నాణేలు కరిగించి చేసినవే. దాదాపు మనిషెత్తు ఉంటాయవి. ఇప్పటికీ జైపూర్ సిటీ ప్యాలెస్‌లో చూడొచ్చు.

ఈ ఏర్పాటు 1940లో దెబ్బతింది. రెండో ప్రపంచయుద్ధం, వెండి కొరత. రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. 1947కల్లా రూపాయి పూర్తిగా నికెల్ అయిపోయింది. నాణెం పోవడంతో దాని వెంటే గ్యారంటీ కూడా పోయింది. ఆ తర్వాత 2005 దాకా, అంటే దాదాపు ఆరు దశాబ్దాలు, మన వెండికి ఆధారం షాపతని నోటిమాటే.

అసలు వెండిలో వేరే లోహం ఎందుకు కలపాలి? ఎందుకంటే అచ్చమైన వెండి మెత్తన. దానితో గ్లాసు చేస్తే నాలుగుసార్లు కిందపడేసరికి సొట్టలు పోతుంది. కాస్త రాగి కలిస్తే గట్టిపడుతుంది. 925 పాళ్లు వెండి, 75 పాళ్లు రాగి అన్న స్టెర్లింగ్ లెక్క ఇలా వచ్చిందే. చిక్కేమిటంటే, ఎంత రాగి అవసరానికి కలిపాడో, ఎంత ఆశతో కలిపాడో రంగు చూసి చెప్పలేం.

ఇంగ్లండ్ వాళ్లకి ఈ చిక్కు 1300లోనే అర్థమైంది. స్టెర్లింగ్ కంటే తక్కువ వెండితో సామాను చేయకూడదనీ, పరీక్షించి చిరుతపులి తల ముద్ర కొట్టాలనీ మొదటి ఎడ్వర్డ్ రాజు చట్టం చేశాడు. 1478 నుంచి లండన్ పనివాళ్లు తమ సరుకును గోల్డ్‌స్మిత్స్ హాల్‌కి (కంసాలుల సంఘం భవనానికి) తెచ్చి పరీక్ష చేయించుకోవాల్సి వచ్చింది. ఏ ఏడాది పరీక్షించారో చెప్పే అక్షరం కూడా అప్పటి నుంచే వేస్తున్నారు. 1544 నుంచి నడిచే సింహం బొమ్మ వచ్చింది. అందుకే లండన్‌లో చేసిన నాలుగొందల ఏళ్ల నాటి చెంచా చూసి, అది ఏ ఏడాది ఎవరు చేశారో ఇవాళ కూడా చాలాసార్లు చెప్పేయొచ్చు.

కరిగించే గోల అక్కడా ఉంది. జనం వెండి నాణేల అంచులు కత్తిరించి పళ్లేలు చేయిస్తుంటే, ఆపడానికి 1697లో సామాను స్వచ్ఛతను నాణెం కంటే పైకి, 958కి పెంచారు. నాణేలు కరిగించి నేరుగా సామాను చేస్తే పరీక్ష దాటదన్నమాట. 1720లో మళ్లీ 925ని అనుమతించారు. మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) 2025లో సవరించిన ఐఎస్ 2112 ప్రమాణంలో కొత్తగా చేర్చిన గ్రేడుల్లో ఈ 958 కూడా ఉంది, 999తో పాటు.

వెండిలా కనబడే వస్తువుల చరిత్ర కూడా ఇంగ్లండ్ చుట్టూనే తిరుగుతుంది. 1743 ప్రాంతంలో షెఫీల్డ్‌లో థామస్ బౌల్‌సోవర్ అనే పనివాడు రాగి మీద వెండి రేకును వేడితో అతికించి, రెండూ కలిపి సాగదీయొచ్చని కనిపెట్టాడు. 1840లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్లు విద్యుత్తుతో పూత వేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు. ఆ పూతకి అడుగున వాడిన లోహం ఎక్కువగా నికెల్ సిల్వరే. పాత సామాన్ల వెనక ‘ఈపీఎన్ఎస్’ అని కనిపిస్తే అర్థం ఇదే: పైన వెండి పూత, లోపల వెండి సున్నా. పూత సామాను చేసేవాళ్లు చిన్న చిన్న డాళ్లలో నాలుగైదు అక్షరాలు వరసగా కొట్టేవాళ్లు. దూరం నుంచి చూస్తే అచ్చం హాల్‌మార్కే. దొరల కాలం నాటి టీ సెట్టు అని మురిసిపోయే ముందు భూతద్దం పెట్టి చూడటం మంచిది.

ఈ నికెల్ సిల్వరే మన షాపుల్లోని ‘జర్మన్ సిల్వర్’. చైనాలోని తెల్లరాగిని చూసి 1820ల్లో జర్మనీ వాళ్లు తయారుచేసిన మిశ్రమం ఇది. రాగి, నికెల్, జింకు తప్ప వెండి చుక్క కూడా ఉండదు. ఇప్పుడు రిటర్న్ గిఫ్టులుగా పంచే పూజ పళ్లేలు, కుంకుమ భరిణెలు చాలావరకు ఈ పేరుతోనే అమ్ముతారు. కొన్నిటికి పైన పల్చగా వెండి పూత కూడా ఉంటుంది. చవకలో చూడముచ్చటగా ఉంటాయి, దాన్ని తప్పుపట్టక్కర్లేదు. తాకట్టు పెట్టడానికి వెళ్తేనే గొడవ. తమాషా ఏమిటంటే అదే జర్మనీలో అసలు వెండికి చట్టం గట్టిగానే ఉంది. 1888 నుంచి అక్కడ 800 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న వెండికే చంద్రవంక, కిరీటం ముద్రలు.

అనుమానముంటే ఇంట్లో ఒక పరీక్ష చేసుకోవచ్చు. లోపల మైనం, లక్క నింపని చెంబు లాంటి వస్తువైతే తూకం వేసి, నిండా నీళ్లున్న గిన్నెలో ముంచి పొర్లిన నీళ్లు కొలవాలి. మూడొందల గ్రాముల వెండి సుమారు 29 మిల్లీలీటర్లు పొర్లిస్తుంది. జర్మన్ సిల్వర్ అయితే 34 దాటుతుంది. దీంతో దొంగ వెండి దొరుకుతుంది గానీ 92.5కీ 80కీ తేడా మాత్రం తెలియదు. ఆ రెండిటికీ నీళ్ల లెక్కలో ఒక మిల్లీలీటరు తేడా కూడా ఉండదు. దానికి ల్యాబే దిక్కు, అందుకే ముద్ర కావాలి.

మరి మనల్ని ఏలినవాళ్లు తమ దేశంలో అంత పకడ్బందీగా పెట్టుకున్న పద్ధతిని ఇక్కడ ఎందుకు పెట్టలేదు? పెట్టలేదంతే. బ్రిటిష్ ఇండియాలో సామాన్ల వెండికి సర్కారు తరఫు పరీక్ష కేంద్రమే లేదు. దాంతో చేసినవాడి పేరే ముద్ర అయింది. మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్ అనే సంస్థ దేవతల బొమ్మలు చెక్కిన ‘స్వామి’ పనితనపు టీ సెట్లు చేయించి తమ పేరు కొట్టేది. భుజ్‌లో ఉమర్‌సీ మావ్‌జీ ‘ఓఎం’ అని కొట్టేవాడు. ఆ ముద్రలున్న వస్తువులు ఇప్పుడు వేలంపాటల్లో వెండి ధరకి ఎన్నో రెట్లు పలుకుతున్నాయి. కానీ ఆ సంస్థలు లేని ఊళ్లో మామూలు కంసాలి చేసిన చెంబు మీద అలాంటి ఆధారం ఏముంటుంది?

కరీంనగర్ ఫిలిగ్రీ సంగతి ఇక్కడ చెప్పాలి. ఈ తీగపని ముందు ఎలగందులలో ఉండేదనీ, 1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కి మారాక పనివాళ్లూ అక్కడికి తరలివచ్చారనీ చెప్తారు. 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వెండిని కరిగించి కడ్డీ పోసి, కమ్మచ్చు బెజ్జాల్లోంచి ఒకదాని తర్వాత ఒకటి లాగుతూ వెంట్రుకంత సన్నం చేస్తారు. రెండు తీగలు కలిపి మెలేసి, కాస్త అణిచి బల్లపరుపు చేస్తారు. మందపాటి తీగతో ఆకుకో పువ్వుకో అంచు కట్టి, లోపల ఈ మెలితీగను చుట్టలుగా, అలలుగా పటకారుతో ఒక్కొక్కటే అమరుస్తారు. వెలిగారం, టంకం పొడి చల్లి నిప్పు ఊదుతారు. మంట ఒక్క క్షణం ఎక్కువైతే తీగ కరిగి ముద్దవుతుంది, తక్కువైతే టంకం పారదు. చివర్లో పల్చని ఆమ్లంలో వేసి తీస్తే నల్లదనం పోయి తెల్లగా బయటపడుతుంది. పాన్‌దాన్లు, అత్తరుదాన్లు, పళ్లేలు ఇలా పుట్టినవే.

స్వచ్ఛత విషయంలో ఈ పని తనను తానే కాపలా కాసుకుంటుంది. రాగి ఎక్కువైతే తీగ గట్టిపడి అంత సన్నగా సాగకుండా తెగుతుంది కాబట్టి మేలిమికి దగ్గరగా ఉన్న వెండే వాడాలి. కాళ్ల పట్టీలకి ఈ కాపలా లేదు. అతుకుకో టంకం చుక్క, ఎన్నో అతుకులు. టంకంలో వెండి తక్కువ. కాబట్టి తీగ మంచిదే అయినా మొత్తం కరిగిస్తే టంచ్ కిందికే వస్తుంది. వెండికి ముద్ర తప్పనిసరి అయిననాడు ఎక్కువ తర్జనభర్జన జరిగేది పట్టీల మీదే అని నా అంచనా.

బీఐఎస్ బంగారానికి 2000లో హాల్‌మార్కింగ్ మొదలుపెట్టి, వెండికి 2005లో తెచ్చింది. ఇప్పుడు వెండి మీద ఉండాల్సినవి బీఐఎస్ గుర్తుతో ‘సిల్వర్’ అన్న మాట, గ్రేడు, హెచ్‌యూఐడీ. నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వివరాలు వస్తాయి. ఉత్త ‘925’ అని మాత్రమే ఉంటే అది అచ్చు ఉన్న ఎవరైనా కొట్టుకోగలిగేది. తప్పనిసరి చేయకపోవడానికి కారణాలు ఊహించడం కష్టం కాదు. సరుకు బరువెక్కువ, ధర తక్కువ. మెట్టెలకీ ముద్ర వేయించాలంటే చిన్న ఊళ్ల కంసాలికి పరీక్ష కేంద్రం చుట్టూ తిరగడమే పనవుతుంది. కానీ ధర రెండు లక్షలు చూశాక కంచాలు, బిందెల లాంటి పెద్ద సామానుకైనా మినహాయింపు ఎందుకో నాకర్థం కాదు.

ముద్రకి ఇంకో శత్రువు మన వంటింట్లోనే ఉంది. వెండి నల్లబడేది తుప్పు పట్టి కాదు. గాల్లోని గంధకం తగిలి పైన వెండి సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది. గుడ్డు, ఉల్లిపాయ, రబ్బరు బ్యాండు, ఉన్నిబట్ట దీన్ని తొందరపెడతాయి. తోమిన ప్రతిసారీ ఆ పొరతో పాటు కాస్త వెండీ పోతుంది. మెత్తని విభూదితో సుతారంగా రుద్దితే పోయేది తక్కువే. పళ్లపొడి, పీచు మాత్రం గీతలు పెడతాయి, లేజర్‌తో వేసిన సన్నని నంబరును ముందు మింగేది అవే. అల్యూమినియం ఫాయిల్ పరిచిన గిన్నెలో వేడినీళ్లు, తినే సోడా పోసి అందులో వెండిని ఫాయిల్‌కి తగిలేలా ముంచితే, గంధకం అల్యూమినియం వైపు వెళ్లి వెండి వెండిగా మిగులుతుంది, గీత పడదు. రాళ్లు పొదిగినవీ, చెక్కడాల్లో కావాలని నలుపు ఉంచినవీ, లక్క నింపినవీ మాత్రం అందులో వేయొద్దు. ఉప్పు, పచ్చడి వెండి గిన్నెలో రాత్రంతా వదిలేస్తే పడే గుంటలు ఏ తోముడుకీ పోవు. పూర్తిగా ఆరబెట్టి, నూలుబట్టలో చుట్టి, గాలి చొరని కవరులో పెట్టాలి. కొన్న రోజే ముద్రని ఫోటో తీసుకుని, గ్రేడూ తూకమూ రాసిన బిల్లుతో కలిపి దాచుకుంటే, నంబరు అరిగిపోయినా మార్పిడప్పుడు చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది.