టీవీలో సినిమా సమీక్ష ఎలా పోయింది? మొహాలు మారిస్తే బతుకుతుందన్న అపోహ, ఇంకొన్ని

మొన్న కందుకూరు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఏడాదిన్నరగా యూట్యూబ్‌లో సినిమా రివ్యూలు చెబుతున్నాడు. "సార్, వ్యూస్ పడిపోతున్నాయి. నా మొహం స్క్రీన్‌కి సెట్ కాలేదంటున్నారు అందరూ. ఒంగోలులో ఒక అమ్మాయి ఉంది, యాంకరింగ్ బాగా చేస్తుంది. తనని కూర్చోబెట్టి, వెనకాల ఎల్‌ఈడీ వాల్ పెట్టి కొత్తగా మొదలుపెడదాం అనుకుంటున్నా. అమ్మ గాజుల మీద గోల్డ్ లోన్ తీస్తానన్నాడు నాన్న" అన్నాడు.

"ముందు ఆ లోన్ ఆపమని చెప్పు నాన్నకి" అన్నాను. గొంతులో వణుకు తెలుస్తూనే ఉంది, పాపం. ఆ తర్వాత గంటసేపు మాట్లాడుకున్నాం. ఈ నాలుగైదేళ్లలో ఇదే మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. అందుకే రాస్తున్నాను.

నేను నెల్లూరులో ఒక లోకల్ కేబుల్ ఛానల్లో తొమ్మిదేళ్లు ఆదివారం సినిమా సమీక్ష ప్రోగ్రాం చేశాను. ఇప్పుడు ఒంగోలులో పిల్లలకి స్క్రిప్టు రాయడం, ఎడిటింగ్ నేర్పుతున్నాను.

అపోహ: ప్రోగ్రాం పాతబడింది కాబట్టి చూడటం లేదు. కుర్ర మొహాలు పెట్టి, సెట్ మార్చి, స్పీడ్ పెంచితే మళ్లీ లేస్తుంది.

వాస్తవం: లేవదు. ఉన్నది కూడా పోతుంది. దీనికి లోకమంతా చూసిన ఉదాహరణ ఒకటి ఉంది.

అమెరికాలోని షికాగోలో 1975లో ఒక లోకల్ పబ్లిక్ స్టేషన్ ఇద్దరు పత్రికా విమర్శకులను పక్కపక్కన కూర్చోబెట్టింది. జీన్ సిస్కెల్‌ది షికాగో ట్రిబ్యూన్, రోజర్ ఈబర్ట్‌ది షికాగో సన్-టైమ్స్. ఒకే ఊళ్లో పోటీ పేపర్లు. ఈబర్ట్‌కి ఆ ఏడాదే విమర్శకు పులిట్జర్ బహుమతి వచ్చింది. సినిమా విమర్శకుడికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. ఇద్దరూ సినిమా హాలు బాల్కనీ లాంటి సెట్‌లో కూర్చుని, చిన్న ముక్కలు చూపించి వాదించుకునేవాళ్లు. ప్రోగ్రాం పేరు మారింది, కంపెనీలు మారాయి, 1986లో డిస్నీ చేతికి వచ్చింది. ఆ ఇద్దరు మాత్రం మారలేదు. బొటనవేలు పైకి, కిందికి చూపించే గుర్తు వాళ్లదే.

1999 ఫిబ్రవరిలో సిస్కెల్ చనిపోయారు. మరుసటి ఏడు ఆయన కుర్చీలోకి రిచర్డ్ రోపర్ వచ్చారు. 2006లో క్యాన్సర్ ఆపరేషన్ల తర్వాత ఈబర్ట్ గొంతు పోయింది. 2008 జులై నాటికి డిస్నీ ప్రోగ్రాంని కొత్త దారిలో తీసుకెళ్తామంది, ఈబర్ట్, రోపర్ ఇద్దరూ తప్పుకున్నారు. సెప్టెంబరులో బెన్ లయన్స్, బెన్ మాంకివిచ్ అనే ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. సెట్ కొత్తది. వేరే విమర్శకులను కూడా స్క్రీన్ మీదికి తెచ్చి తలా ఒక మాట చెప్పించడం మొదలుపెట్టారు. ఏడాది తిరక్కుండానే ఇద్దరినీ మార్చేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. 2010 ఆగస్టులో ప్రోగ్రామే ఆగిపోయింది.

ఆ ఇద్దరు బెన్‌లనూ తిట్టిపోయడం నాకు ఇష్టం లేదు. మాంకివిచ్ అప్పటికే పాత సినిమాల ఛానల్లో ఏళ్ల తరబడి సినిమాలను పరిచయం చేస్తున్న మనిషి. తప్పు మొహాలది కాదు. ప్రోగ్రాం అంటే సెట్, ఇద్దరు మనుషులు, అరగంట అనుకున్నారు చూడండి, తప్పు అక్కడ జరిగింది. సిస్కెల్, ఈబర్ట్‌ల అరగంటలో అసలు సరుకు మాటే. వేలు చూపించడానికి పట్టేది ఒక్క సెకను.

ఇదంతా నాకెందుకు ఇంత పట్టింపు అంటే, ఇదే తప్పు నా కళ్ల ముందు జరిగింది కాబట్టి.

మా స్టూడియో ట్రంకు రోడ్డు దగ్గర ఒక మేడ మీద గది. రెండు కుర్చీలు, వెనకాల నీలం గుడ్డ. ఫ్యాన్ వేస్తే కాలర్ మైకులో హోరు వస్తుందని రికార్డింగ్ అయ్యేదాకా ఆపేసేవాళ్లం. మే నెలలో నెల్లూరు ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, చొక్కాలు వీపుకు అంటుకుపోయేవి. నా పక్కన కూర్చునేది ఒక మాథ్స్ లెక్చరర్. ఊరంతా ఆయన్ని మాస్టారు అనే పిలిచేది. ఆయనకు కథ మధ్యలో పాట వస్తే చిరాకు. నాకు పాటలంటే ప్రాణం. శుక్రవారం ఆయన మార్నింగ్ షో చూసేవారు, నేను ఫస్ట్ షో. శనివారం సాయంత్రం రికార్డింగ్ దాకా సినిమా గురించి ఒకరితో ఒకరం మాట్లాడుకోకూడదు. అది మాస్టారు పెట్టిన రూలు. సిస్కెల్, ఈబర్ట్ కూడా రికార్డింగ్‌కి ముందు తమ అభిప్రాయం ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు కాదని చాలా ఏళ్ల తర్వాత చదివి, ఆ రోజే మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను.

2012లో మా ఓనర్‌కి ఎవరో హైదరాబాద్ నుంచి వచ్చిన కన్సల్టెంట్ చెప్పాడు, యూత్ చూడటం లేదని. ఓనర్ మంచి మనిషే, మా జీతాలు ఏనాడూ ఆపలేదు. కానీ టెన్షన్ పడ్డాడు. ఆరు లక్షలు పెట్టి ఎల్‌ఈడీ, కొత్త కెమెరా, గ్రాఫిక్స్ కొన్నాడు. రేటింగ్ స్టార్లు ఒక్కొక్కటే టప్ టప్‌మని రాలి పడేవి స్క్రీన్ మీద. డిగ్రీ చదివే ఇద్దరు పిల్లల్ని యాంకర్లుగా పెట్టి, మాస్టారికి శాలువా కప్పి పంపించారు. నన్ను కెమెరా వెనక్కి మార్చారు. అరగంటలో సమీక్ష ఆరు నిమిషాలకు కుదించి, మిగతాది హాలు గేటు దగ్గర పబ్లిక్ టాక్, హీరో హీరోయిన్ల కబుర్లతో నింపారు.

ఆ పబ్లిక్ టాక్ ఎలా తీసేవాళ్లమో చెబుతాను. మొదటి శుక్రవారం మార్నింగ్ షో ఇంటర్వెల్‌లో మైకు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాం. పాప్‌కార్న్ పొట్లం చేతిలో పట్టుకుని ఒక అబ్బాయి వచ్చాడు. ఎడిటింగ్‌కి టైం లేదు, ఇప్పుడే తీసేయాలని పైనుంచి ఆర్డర్. ఆ అబ్బాయి నా వైపు చూసి, "అన్నా, సెకండాఫ్ కూడా చూసినట్టే చెప్పమంటారా?" అని అడిగాడు. వాడి మొహంలో వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. నాకు నోట మాట రాలేదు. పక్కనున్న యాంకర్ పాప "ఊ" అంది. "బ్లాక్‌బస్టర్ అన్నా!" అని వేళ్లు చూపించి లోపలికి వెళ్లిపోయాడు. ఆదివారం అదే వేశాం.

రెండు నెలల తర్వాత మూలాపేటలో నేను రోజూ టిఫిన్ చేసే హోటల్ ఆయన దోసె ప్లేటు పెడుతూ అడిగాడు. "ఏందన్నా, ఆదివారం ఎవురో పిలకాయలు వస్తుండారు? మీరు యాడికి పోయినారు?"

"ఎట్టుండారు వాళ్లు?" అన్నాను.

"బాగానే ఉండారు. చక్కంగా మాట్లాడతుండారు. కానీ వాళ్లకి ఏది నచ్చుద్దో నాకు తెల్దు గదన్నా. మాస్టారు పాటలెక్కువ, బాగలేదన్నాడంటే నేను పిల్లల్ని తీసుకోని పోయేవాణ్ణి."

ఈ ఒక్క మాట చాలు. మాస్టారి అభిప్రాయం ఆయనకు ఎప్పుడూ నచ్చలేదు, అయినా తొమ్మిదేళ్లు ఆయన మాట విన్నాడు. ఎందుకంటే మాస్టారి రుచి ఆయనకు తెలుసు. కొట్లో తక్కెడ రోజూ ఒకేలా తూగితేనే సరుకు బరువు తెలుస్తుంది. వారానికో తక్కెడ మారిస్తే ఎవరికీ ఏమీ తెలియదు. కొత్తగా వచ్చిన పిల్లలు తెలివైనవాళ్లే, వాళ్లకూ ఐదారేళ్లు టైం ఇస్తే అలాంటి నమ్మకం వచ్చేది. ఇచ్చింది ఆరు నిమిషాలు, ఎనిమిది నెలలు. చిన్నబజారు బట్టల షాపు ఆయన మొదటి ఏడాది నుంచి మా స్పాన్సర్. ఐదో నెలలోనే డబ్బులు ఆపేశాడు. ఎనిమిదో నెలలో ఓనర్ మాస్టారి ఇంటికి వెళ్లి మళ్లీ రమ్మన్నాడు. ఆయన వచ్చారు కూడా. కానీ ఆదివారం పదకొండు గంటల స్లాట్ అప్పటికే ప్లాట్ల ప్రకటనల వాళ్లకు అమ్మేశారు. మమ్మల్ని రాత్రి పదకొండున్నరకు వేశారు. హోటల్ ఆయన ఆ టైంకి పిండి రుబ్బుతుంటాడు. నాలుగు నెలల్లో అంతా అయిపోయింది.

అపోహ: మంచి విమర్శకుల్ని పెట్టినా ఆ అమెరికా ప్రోగ్రాం పోయింది కదా. అంటే జనానికి విమర్శ అక్కర్లేదు.

2009లో డిస్నీ వాళ్లు బెన్‌ల స్థానంలో న్యూయార్క్ టైమ్స్ ఎ.ఓ. స్కాట్‌ని, షికాగో ట్రిబ్యూన్ మైకేల్ ఫిలిప్స్‌ని తెచ్చిన మాట నిజం. ఇద్దరూ గట్టివాళ్లు. ఆ ఏడాది ఎపిసోడ్లు కొన్ని చూశాను, మాట మీద మాట నడిచేది. అయినా 2010 మార్చిలోనే ఆపేస్తున్నట్టు చెప్పేశారు. వారానికి ఒకసారి వచ్చే అరగంట ప్రోగ్రాంని ఒక్కో లోకల్ స్టేషన్‌కీ అమ్మడం వ్యాపారంగా కష్టమవుతోందన్నది వాళ్లు చెప్పిన కారణం. ఒకసారి చెదిరిన చూపరి అలవాటు ఒక్క సీజన్‌లో తిరిగి రాదు. మాస్టారు తిరిగొచ్చినప్పుడు మాకు జరిగిందీ ఇదే. దీన్ని చూసి "జనానికి అక్కర్లేదు" అనడం, రోగిని చివరి రోజు ఆస్పత్రికి తెచ్చి డాక్టరు చేతకానివాడు అన్నట్టుంది.

మన తెలుగు ఛానళ్ల సంగతి ఇంకోటి ఉంది. సినిమా ప్రకటనల మీద బతుకుతూ, ఆ సినిమా శాటిలైట్ హక్కులు తానే కొన్న ఛానల్, శుక్రవారం సాయంత్రం ఆ సినిమా బాగలేదని ఎలా చెబుతుంది? అక్కడ మిగిలేది హీరో గారి ఇంటర్వ్యూనే. మన భాషలో విమర్శకు కొరత ఏనాడూ లేదు. ముళ్లపూడి వెంకటరమణ ఆంధ్రపత్రికలో సినిమా సమీక్షలు రాశారు. కొడవటిగంటి కుటుంబరావు సినిమా మీద రాసింది పుస్తకాలుగానే వచ్చింది. రాసేవాడికి ప్రకటనల విభాగం అడ్డం రాకపోతే చాలు.

అపోహ: ఇంటర్నెట్ చంపేసింది.

పేపర్లలో విమర్శకుల ఉద్యోగాలకు నెట్ దెబ్బ తగిలింది, కాదనను. కానీ ఈబర్ట్‌నే చూడండి. గొంతు పోయిన తర్వాత ఆయన నెట్‌లో అంతకుముందు కంటే ఎక్కువ రాశారు. 2012 ఒక్క ఏడాదిలో 306 సినిమాలకు సమీక్షలు రాశానని ఆయనే చెప్పుకున్నారు. 2013 ఏప్రిల్ 4న పోయారు, రెండు రోజుల ముందు కూడా పాఠకులకు రాశారు. నోరు మెదపలేని మనిషి, మొహం ఆపరేషన్లతో మారిపోయిన మనిషి. పాఠకులు ఆయన్ని వదల్లేదు. మొహం స్క్రీన్‌కి సెట్ కాలేదని కుంగిపోయే పిల్లలందరికీ నేను ముందు ఈయన గురించే చెబుతాను.

అపోహ: రివ్యూలే సినిమాని చంపుతున్నాయి.

సినిమా పంపిణీ వ్యాపారంలో నెల్లూరు విడి ఏరియా, చిన్న ఏరియా. ఇక్కడ సినిమా హక్కులు కొన్నవాళ్లు మునిగింది చాలాసార్లు రేటు ఎక్కువ పెట్టి. రివ్యూ మీద కోపం చూపించడం తేలిక, అంతే. మంచి మాట వల్ల బతికిన సినిమాలూ ఉన్నాయి. బాస్కెట్‌బాల్ ఆడే ఇద్దరు షికాగో కుర్రాళ్ల మీద తీసిన 'హూప్ డ్రీమ్స్' డాక్యుమెంటరీ మూడు గంటలకు పది నిమిషాలు తక్కువ. 1994లో దానికి ఇంకా పంపిణీదారుడే దొరకలేదు. సిస్కెల్, ఈబర్ట్ అప్పుడే టీవీలో దాని గురించి మాట్లాడారు.

అపోహ: సిస్కెల్, ఈబర్ట్‌ల గొడవ నటన. చూసినవాళ్లెవరూ ఈ మాట అనరు. పాత ఎపిసోడ్లు యూట్యూబ్‌లో దొరుకుతాయి, ఒక్కటి చూడండి.

అపోహ: సమీక్ష కదా, ట్రైలర్ ముక్కలు ఎంతైనా వాడుకోవచ్చు. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 52 ప్రకారం సమీక్ష కోసం న్యాయంగా వాడుకునే వీలుంది. ఎంతైనా అని కాదు. పైగా యూట్యూబ్ స్ట్రైక్, అంటే కాపీరైట్ హెచ్చరిక, వేసేది కోర్టు తీర్పు చూసి కాదు, హక్కుదారు ఫిర్యాదు చూసి. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానల్ పోతుంది. ముక్క లేకపోయినా మాట నిలబడేలా రాసుకోండి.

కందుకూరు కుర్రాడికి చెప్పింది కూడా ఇంతే. ఫోన్ కెమెరా చాలు. మంచి కాలర్ మైకు ఒకటి కొనుక్కో. ఒకే రోజు, ఒకే టైంకి వెయ్యి. సినిమా మొత్తం చూసి, రాసుకుని చెప్పు. నీకు ఏది నచ్చుతుందో, ఎందుకు నచ్చుతుందో చూసేవాడికి తెలిసేదాకా ఆగు. ఆ అమ్మాయికి సినిమా మీద సొంత అభిప్రాయం ఉంటే తప్పకుండా పక్కన కూర్చోబెట్టు, లేకపోతే తనకీ అన్యాయమే.

పోయిన వారం వీడియో లింకు పంపాడు. కిటికీ పక్కన ఫోన్ పెట్టి, పదకొండు నిమిషాలు తడబడకుండా మాట్లాడాడు. కింద మూడే కామెంట్లు. అందులో ఒకటి: "పోయిన వారం సినిమా గురించి నువ్వు చెప్పింది తప్పు తమ్ముడూ, క్లైమాక్స్ నీకు అర్థం కాలేదు." అది డిలీట్ చేయనా సార్ అని మెసేజ్ పెట్టాడు.

వెంటనే ఫోన్ చేశాను. వద్దు నాయనా, ఆయన రెండో వారం కూడా వచ్చాడు, ఆయనకి జవాబు రాయి అన్నాను. ఆ రాత్రే రాశాడు, పన్నెండు లైన్లు.