రంగనాయకులపేట వీధులకు పెన్నతో ఉన్న లెక్క

వాయుగుండం కబురు వచ్చిందంటే చాలు, నెల్లూరులో పెన్న గట్టున ఉన్న పేటల్లో టెన్షన్ మొదలవుతుంది. ఎగువన ఉన్న సోమశిల జలాశయం నుంచి ఎన్ని క్యూసెక్కులు వదిలారు, బ్యారేజీ దగ్గర మట్టం ఎంతుంది అని ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారు. 2021 నవంబరు వరద తర్వాత ఇది మరీ ఎక్కువైంది. ఏటి వరదను ఆపే పొర్లుకట్టలు ఎత్తు పెంచాలి, గట్టు వెంట రోడ్డు వేయాలి, ఇరుకు వీధులు వెడల్పు చేయాలి అని తలా ఒక మాట అంటున్నారు. ఇందులో ఏది చేయాలో, ఏది చేయకూడదో తేల్చుకునే ముందు ఈ వీధులు ఎప్పుడు, దేనికోసం పుట్టాయో తెలుసుకోవాలి.

నెల్లూరు పెన్నకు దక్షిణపు ఒడ్డున ఉంది. పాత పేరు విక్రమసింహపురి. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి ఇక్కడి నుంచే ఏలాడు. రాజ్యం పోగొట్టుకున్న ఆయనకు కాకతి గణపతిదేవుడి సాయం తెచ్చిపెట్టినవాడు ఆయన మంత్రి తిక్కన. ఆ తిక్కన పెన్న ఒడ్డున రంగనాథుడి సన్నిధిలో కూర్చుని భారతం రాశాడని నెల్లూరువాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. అదే శతాబ్దంలో జటావర్మ సుందర పాండ్యుడు ఇక్కడిదాకా వచ్చి గెలిచి, నెల్లూరులోనే వీరాభిషేకం చేయించుకున్నాడు. ఇంతమంది రాజులు ఈ ఊరి కోసం కొట్టుకున్నారంటే కారణం స్పష్టమే. దక్షిణానికీ ఉత్తరానికీ పోయే దారి పెన్నను దాటేది ఇక్కడే.

తల్పగిరి రంగనాథస్వామి గుడి చుట్టూ పెరిగింది రంగనాయకులపేట. ఇక్కడి వీధుల తీరు గుడిని బట్టే ఉంటుంది. తేరు తిరిగే వీధి వెడల్పుగా ఉండాలి, మలుపులో తేరు తిప్పుకోవడానికి చోటు ఉండాలి. దాని వెనకున్న సందులకు ఆ అవసరం లేదు. మనిషి, బండి పోతే చాలు. అందుకే కారు దూరని సందులోంచి నాలుగడుగులు వేస్తే ఉన్నట్టుండి విశాలమైన వీధి, ఎదురుగా గాలిగోపురం కనిపిస్తాయి. ప్లాను గీసిన కాలనీల్లో ఇలాంటిది దొరకదు. గుడి దాటితే పెన్నే. స్నానాలు, పితృకార్యాలు, బోడిగాడితోటలో అంత్యక్రియలు అన్నీ ఏటి ఒడ్డునే. ఏడాదిలో ఎక్కువ భాగం అక్కడ కనిపించేది నీళ్లు కాదు, ఇసుక. అయినా ఏరు తనదనుకున్న చోటు జోలికి పాత ఊరు పెద్దగా పోలేదు. తోటలు వేసుకున్నారు, బట్టలు ఉతుక్కున్నారు, పశువుల్ని తోలుకెళ్లారు. కాపురాలు మాత్రం కాస్త ఎత్తున పెట్టుకున్నారు.

ఆ ఎత్తుకు మరో గుర్తు పాత కోట ఉన్న మెరక, కోటమిట్ట. ఆర్కాటు నవాబు తమ్ముడు నజీబుల్లా 1757లో అన్నకు ఎదురు తిరిగినప్పుడు, నవాబు తరఫున కర్నల్ ఫోర్డ్ ఆంగ్లేయ సైన్యంతో నెల్లూరు కోట మీదికి వచ్చాడు. మట్టి గోడల కోటే అయినా పట్టుకోలేక వెనక్కి పోయాడు. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యం కంపెనీ చేతికి వెళ్లిపోయాక కోటతో పని తీరిపోయింది.

తర్వాత వీధుల్ని నడిపించినవి రోడ్డు, కాలువ. మద్రాసు నుంచి ఉత్తరానికి పోయే రస్తా ఊరి మధ్యగా సాగి ట్రంకురోడ్డు అయింది. చిన్నబజారు, పెద్దబజారు, సంతపేట వ్యాపారంతో నిండాయి. స్టోన్‌హౌస్ అనే ఇంగ్లీషు కలెక్టరు పేరుతో వెలసిన స్టోన్‌హౌస్‌పేట టోకు బజారుగా స్థిరపడింది. బియ్యం, పప్పుల బస్తాలు దించే లారీల మధ్య నుంచి ఇప్పటికీ అక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకుని నడవాలి. 1899లో మద్రాసు, బెజవాడ రైలు మార్గం కలిశాక ఊరి చూపు ఏటి వైపు నుంచి స్టేషను వైపు, ట్రంకురోడ్డు వైపు పూర్తిగా తిరిగింది. ఒడ్డు వీధులు ఊరికి పెరటి వీధులైపోయాయి. వాటి మీద శ్రద్ధ తగ్గడం అప్పుడే మొదలైందని నా నమ్మకం.

1850ల్లో కట్టిన నెల్లూరు ఆనకట్ట ఇంకో పెద్ద మార్పు. దాని నుంచి బయలుదేరిన సర్వేపల్లి కాలువ, జాఫర్‌ సాహెబ్ కాలువ ఊళ్లోంచే మాగాణికి పోతాయి. చుట్టుపక్కల వరి పండిందంటే ఆ నీళ్ల చలవే. ఊరు పెరిగేకొద్దీ అవే కాలువలు వాన నీటికీ, మురుగుకూ దారి అయ్యాయి. గట్ల మీద గుడిసెలు, ఆ తర్వాత మేడలు, దుకాణాలు లేచాయి. 2015 నవంబరు వానలకు నెల్లూరు వీధులు మునిగినప్పుడు పూడిపోయిన కాలువల సంగతి అందరికీ తెలిసొచ్చింది. కొన్నాళ్లు ఆక్రమణల తొలగింపు మాట నడిచింది, తర్వాత చల్లబడింది.

మూలాపేటను ఊరికే దాటి పోలేను. 1946లో పొట్టి శ్రీరాములు అక్కడి వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులకు ప్రవేశం కావాలని నిరాహారదీక్ష చేశారు. తలుపులు తెరిపించారు. వీధుల్లో ఎవరు ఎక్కడిదాకా నడవచ్చో కూడా పోరాడి తెచ్చుకున్న ఊరు ఇది.

దిగువన ఏటి పల్లంలోకి జనం వచ్చింది ఇటీవలి దశాబ్దాల్లోనే. ఊళ్లో అద్దెలు భరించలేని కూలీలు, ఆటోవాళ్లు, చిరువ్యాపారులు ఎక్కడ చోటు దొరికితే అక్కడ ఇళ్లు వేసుకున్నారు. భగత్‌సింగ్ కాలనీ లాంటివి అలా నిండాయి. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య డ్యాం తెగింది. ఆ నీరంతా 78 టీఎంసీల సోమశిలకు చేరింది. అది అప్పటికే నిండుకుండ. కిందికి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వదలక తప్పలేదు. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం వాసులు కట్టుబట్టలతో బయటపడ్డారు.

2022 సెప్టెంబరులో నెల్లూరు బ్యారేజీ, సంగం బ్యారేజీ ప్రారంభమయ్యాయి. నెల్లూరు బ్యారేజీ కింద దాదాపు లక్ష ఎకరాల ఆయకట్టు ఉంది. ఎగువన ఇసుక మేటలున్న చోట ఇప్పుడు నీళ్లు నిలుస్తున్నాయి. నీళ్లు కనిపిస్తే గట్టు స్థలం ధర పెరుగుతుంది, పార్కు, రోడ్డు, వాకింగ్ ట్రాక్ అని కోరికలూ పెరుగుతాయి. వాటికి నేను వ్యతిరేకం కాను. కానీ తేరు వీధుల్ని కొట్టి వెడల్పు చేస్తే నెల్లూరుకు మిగిలిన పాత రూపం పోతుంది, ట్రాఫిక్ మాత్రం మరో మలుపులో ఆగుతుంది.

పొర్లుకట్ట కావాల్సిందే. అయితే ఏరు పొంగినప్పుడు ఊరి కాలువల్లోని నీరు ఏట్లోకి దిగదు, వెనక్కి తంతుంది. కట్ట ఎంత ఎత్తుగా కట్టినా కాలువ కలిసే ప్రతిచోటా తలుపులు, తోడిపోయడానికి మోటార్లు లేకపోతే వాన నీరు పేటలోనే నిలుస్తుంది. ఇక కట్టకు లోపలి వైపు, ఏటి పల్లంలో ఉన్న కుటుంబాలను పంపాల్సి వస్తే ఊరవతల పాతిక కిలోమీటర్ల దూరాన స్థలాలు చూపిస్తే సరిపోదు. వాళ్ల పనులు స్టోన్‌హౌస్‌పేట గోదాముల్లో, సంతపేట అంగళ్లలో ఉన్నాయి. పొద్దున నడిచి పనికి పోగలిగే దూరంలోనే వాళ్లకు ఇళ్లు చూపించాలి. కట్ట అంచనాల్లోనే ఆ ఖర్చూ రాయాలి.